తుపాను సహాయక చర్యలపై ప్రజల అసంతృప్తి: ఆంధ్రప్రదేశ్

తుపాను వేళ హెచ్చరిక, తరలింపు, తక్షణ సాయం, నష్టం లెక్కింపు, పరిహారం, పునర్నిర్మాణం ప్రభుత్వం చేయవలసిన పనులు. వీటిలో జాప్యం జరిగిందని, కొరత ఉందని, పక్షపాతం చూపారని బాధితులు సామూహికంగా వ్యక్తం చేసే నిరసనను తుపాను సహాయక చర్యలపై అసంతృప్తి అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత ఇది రాష్ట్ర రాజకీయాలలో స్థిరమైన అంశమైంది. తొలి దశలో నిరసన ప్రాణనష్టం చుట్టూ తిరిగింది. హెచ్చరికలు, తరలింపు మెరుగుపడి మరణాలు తగ్గాక అది పంట నష్టం, బాధితుల జాబితా, పరిహారం మొత్తం వైపు మళ్ళింది. తీరానికి దూరంగా ఉన్న పశ్చిమ ప్రకాశం వంటి మెట్ట ప్రాంతాలలో రెండో దశ సమస్యలే ప్రధానం.

పరిభాష

బంగాళాఖాతంలో తుపాను, అట్లాంటిక్‌లో హరికేన్, పశ్చిమ పసిఫిక్‌లో టైఫూన్ అని పిలిచేది ఒకే రకమైన వాతావరణ వ్యవస్థను. భారత వాతావరణ శాఖ గాలి వేగాన్ని బట్టి దీనిని వర్గీకరిస్తుంది. గాలి వేగం గంటకు 62 కి.మీ. చేరితే వాయుగుండం తుపానుగా మారినట్టు ప్రకటిస్తారు. 89 కి.మీ. దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను, 222 లేదా అంతకు మించితే సూపర్ సైక్లోన్. గాలి తోపుడుకు సముద్రం ఉప్పొంగి ఊళ్ళ మీద పడటాన్ని ఉప్పెన అంటారు (చూ. ఉప్పెన).

సహాయక చర్యలలో మూడు మాటలు తరచు వినిపిస్తాయి. చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చేది ఎక్స్‌గ్రేషియా. పంట పోయిన రైతు తిరిగి సాగు మొదలుపెట్టడానికి ఇచ్చేది పెట్టుబడి రాయితీ. రైతులు దీనిని ఇన్‌పుట్ సబ్సిడీ అనే పిలుస్తారు. పొలం పొలం తిరిగి నష్టం నమోదు చేయడం ఎన్యూమరేషన్. పెట్టుబడి రాయితీ పంట విలువకు సమానమైన పరిహారం కాదు. నిబంధనల భాషలోని ఈ తేడా రైతుకు తెలిసే సందర్భం తక్కువ. ‘కంటితుడుపు సాయం’ అన్న విమర్శకు ఒక మూలం ఇక్కడే ఉంది.

భౌగోళిక నేపథ్యం: తీరం, మెట్ట

ఆంధ్రప్రదేశ్ తీరం దాదాపు వెయ్యి కిలోమీటర్లు. తుపానులు ఎక్కువగా రుతుపవనాలకు ముందు మే నెలలో, రుతుపవనాల తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి. కృష్ణా, గోదావరి డెల్టాలు పల్లంగా ఉండటం వల్ల ఉప్పెన ముప్పు వాటికి ఎక్కువ. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలకు గాలి ముప్పు, దక్షిణాన నెల్లూరు, ప్రకాశం ప్రాంతాలకు కుండపోత ముప్పు ప్రధానం.

ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పేరుతో ఏర్పడింది. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలను కలిపి దీనిని ఏర్పరచారు. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి, కనిగిరి, పొదిలి నెల్లూరు నుంచి వచ్చాయి. పశ్చిమ ప్రకాశంలోని హనుమంతునిపాడు మండలం కనిగిరి శాసనసభ నియోజకవర్గంలో ఉంది. ఇక్కడి సాగు ఎక్కువగా వర్షం మీద, బోర్ల మీద ఆధారపడుతుంది. కంది, శనగ, పొగాకు, పత్తి, మిర్చి, సజ్జ ఈ ప్రాంతపు పంటలు. కనిగిరి పరిసరాలు భూగర్భ జలాలలోని ఫ్లోరైడ్ సమస్యకు పేరుపడ్డాయి.

సముద్రపు పోటు ఈ మండలాలను తాకదు. తుపాను ఇక్కడికి వాన రూపంలో, పొంగే వాగుల రూపంలో చేరుతుంది. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం వద్ద పుట్టిన గుండ్లకమ్మ కంభం చెరువును నింపి, మార్కాపురం ప్రాంతం మీదుగా తూర్పుకు సాగి సముద్రంలో కలుస్తుంది. ఏటా కరవు గురించి మాట్లాడుకునే చోట ఒక్కసారి పడే భారీ వాన అటు చెరువులకు వరం, ఇటు చేలోని పంటకు శాపం. ఈ రెండు ముఖాలూ ఉండటం వల్ల తుపాను నష్టానికి గుర్తింపు పొందడం ఈ ప్రాంతంలో తీరప్రాంతం కన్నా క్లిష్టం.

చరిత్ర

బందరు నుంచి దివిసీమ వరకు: 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించినట్టు నమోదైంది. ముందస్తు హెచ్చరిక వ్యవస్థ లేని కాలం అది. 1969లో మే, నవంబరు నెలల్లో వచ్చిన తుపానుల తర్వాత కేంద్రం ఆంధ్రప్రదేశ్ కోసం తుపాను నష్ట నివారణ సంఘాన్ని నియమించింది. విశాఖపట్నంలో తుపాను హెచ్చరిక కేంద్రం 1974లో ఏర్పడింది.

1977 నవంబరు 19న వచ్చిన తుపాను ఈ ఏర్పాట్ల లోపాలను బయటపెట్టింది. ఉప్పెన దివిసీమలోని నాగాయలంక, కోడూరు ప్రాంతాల గ్రామాలను తుడిచిపెట్టింది. మృతులు సుమారు పది వేలని అధికారిక లెక్కలు చెప్పగా, అసలు సంఖ్య అంతకు మించి ఉంటుందన్న వాదం అప్పుడే మొదలై నేటికీ ఆగలేదు. ఆకాశవాణి హెచ్చరికలు ప్రసారం చేసినా మారుమూల పల్లెలకు సకాలంలో చేరలేదు. చేరినచోట వెళ్ళి తలదాచుకునే పక్కా కట్టడాలు లేవు. రోడ్లు, టెలిఫోన్ తీగలు తెగిపోవడంతో సహాయక బృందాలు చేరడం ఆలస్యమైంది. జలగం వెంగళరావు నాయకత్వంలోని రాష్ట్ర ప్రభుత్వం తీవ్ర విమర్శలకు గురైంది. అవనిగడ్డ ప్రతినిధి మండలి వెంకట కృష్ణారావు పునరావాస కృషికి ప్రజలలో గుర్తింపు పొందారు. స్వచ్ఛంద సంస్థలు, మత సంస్థలు, రాజకీయ పక్షాలు పోటీపడి ఊళ్ళను దత్తత తీసుకున్నాయి. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు సహా సినీ నటులు జోలె పట్టి విరాళాలు సేకరించారు.

1990, 1996: 1990 మే 9న కృష్ణా ముఖద్వారం వద్ద తీరం దాటిన తుపాను తీవ్రతలో 1977 నాటి దానికి తీసిపోదు. లక్షకు పైగా ప్రజలను ముందే తరలించడంతో మృతుల సంఖ్య వెయ్యికి లోపు నిలిచింది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమ కొబ్బరి తోటలను కూల్చివేసింది. మృతులు వెయ్యికి పైనే. సముద్రంలో ఉన్న మత్స్యకారులు పెద్ద సంఖ్యలో గల్లంతయ్యారు. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో విపత్తుల నష్ట నివారణ, తుపాను పునరుద్ధరణ పథకం చేపట్టారు.

2010: ఆ ఏడాది మే 20న లైలా తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. నవంబరులో జల్ తుపాను, డిసెంబరు మొదటి వారంలో అకాల వర్షాలు వచ్చాయి. కోతకు వచ్చిన వరి నీట నానింది. పరిహారం పెంచాలని కోరుతూ ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడు డిసెంబరు 17న హైదరాబాదులో నిరవధిక నిరాహార దీక్షకు దిగారు. అదే నెల 21న విజయవాడ కృష్ణా తీరంలో వై.ఎస్. జగన్మోహన రెడ్డి రెండు రోజుల దీక్ష చేపట్టారు. అప్పటి ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి పదవి చేపట్టి నెల కూడా కాలేదు. తుపాను అసంతృప్తి ప్రాణనష్టం నుంచి పంట పరిహారం వైపు పూర్తిగా మళ్ళిన సందర్భంగా ఈ ఘటనలను చెప్పవచ్చు.

హుద్‌హుద్, తిత్లీ: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం నగరాన్ని నేరుగా తాకింది. విద్యుత్తు, ఫోన్లు, తాగునీరు రోజుల తరబడి నిలిచిపోయాయి. పాలు, పెట్రోలు కోసం బారులు తీరారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు నగరంలోనే మకాం వేసి పనులు పర్యవేక్షించారు. ప్రధాని నరేంద్ర మోదీ అక్టోబరు 14న వచ్చి 1,000 కోట్ల రూపాయల తక్షణ సాయం ప్రకటించారు. ఆ మొత్తం పూర్తిగా అందలేదని రాష్ట్ర ప్రభుత్వం తర్వాతి ఏళ్ళలో పదే పదే ఫిర్యాదు చేసింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చింది. కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి ఒక పంటకు ఇచ్చే లెక్కన చెట్టు నష్టాన్ని కొలవడం తగదని రైతులు వాదించారు. 2019లో వచ్చిన ప్రభుత్వం కొబ్బరి చెట్టుకు పరిహారాన్ని 1,500 నుంచి 3,000 రూపాయలకు పెంచుతున్నట్టు ప్రకటించింది.

నివర్, మిచాంగ్, మొంథా: 2020 నవంబరు 25 రాత్రి పుదుచ్చేరి సమీపంలో తీరం దాటిన నివర్ నెల్లూరు, చిత్తూరు, కడప, ప్రకాశం జిల్లాలలో వానలు కురిపించింది. పంటల బీమా ప్రీమియం ప్రభుత్వం చెల్లించిందా లేదా అన్న ప్రశ్నపై నవంబరు 30న శాసనసభలో వాగ్వాదం జరిగి తెలుగుదేశం సభ్యులు సస్పెండయ్యారు. ఎకరాకు 35,000 రూపాయలు ఇవ్వాలని కోరుతూ జనసేన అధ్యక్షుడు పవన్ కల్యాణ్ డిసెంబరు 7న దీక్ష చేశారు. డిసెంబరు చివరిలో ప్రభుత్వం పెట్టుబడి రాయితీ విడుదల చేసింది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల సమీపంలో తీరం దాటింది. ఖరీఫ్ కరవుతో అప్పటికే నష్టపోయిన రైతులకు ఇది రెండో దెబ్బ. డిసెంబరు 8న గుండ్లకమ్మ జలాశయం రెండో గేటు కొట్టుకుపోయి నీరు సముద్రం పాలైంది. మూడో గేటు 2022 ఆగస్టులోనే కొట్టుకుపోయింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం సమీపంలో తీరం దాటింది. ప్రభుత్వం ప్రాథమికంగా 5,000 కోట్ల రూపాయలకు మించిన నష్టం అంచనా వేసింది.

వ్యవస్థ పనితీరు

హెచ్చరిక: 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ తర్వాత వాతావరణ శాఖ నాలుగు దశల హెచ్చరిక విధానం ప్రవేశపెట్టింది. 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, తీరం దాటడానికి 12 గంటల ముందు ఆ తర్వాతి పరిస్థితిపై అంచనా జారీ చేస్తారు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వీటిని జిల్లాలకు, మొబైల్ ఫోన్లకు చేరవేస్తుంది. జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ కేంద్రం గన్నవరం దగ్గరి కొండపావులూరులో ఉంది.

నిధులు: 2005 నాటి విపత్తుల నిర్వహణ చట్టం సహాయ నిధులకు చట్టబద్ధత ఇచ్చింది. రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలకు కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. ఆ నిధి చాలనప్పుడు రాష్ట్రం వినతిపత్రం పంపుతుంది, కేంద్ర బృందం వచ్చి చూస్తుంది, ఉన్నత స్థాయి సంఘం జాతీయ నిధి నుంచి మంజూరు చేస్తుంది. రాష్ట్రం అంచనా వేసే నష్టం మొత్తం విలువ. కేంద్రం ఇచ్చేది నిబంధనలు అనుమతించే అంశాలకు మాత్రమే. అందుకే అడిగినదానికి, ఇచ్చినదానికి ప్రతిసారీ పెద్ద అంతరం కనిపిస్తుంది. ‘జాతీయ విపత్తుగా ప్రకటించాలి’ అన్న డిమాండు తరచు వినిపించినా చట్టంలో అలాంటి ప్రకటనకు నిబంధన లేదు. తీవ్ర స్వభావం గల విపత్తుగా గుర్తించే పద్ధతి మాత్రమే ఉంది.

రేట్లు: 2022–26 కాలానికి కేంద్ర నిబంధనల ప్రకారం మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయలు. మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000. పంట 33 శాతం లేదా అంతకు మించి దెబ్బతింటేనే పెట్టుబడి రాయితీ. వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్న పంటకు 17,000, బహువార్షిక తోటలకు 22,500 రూపాయలు. పరిమితి రెండు హెక్టార్లు. ఎకరాలలో చెప్పుకుంటే వర్షాధార పంటకు సుమారు 3,440, నీటి వసతి ఉన్నదానికి సుమారు 6,880 రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వాలు కొన్ని పంటలకు సొంత నిధులు కలిపి ఎక్కువ ఇస్తాయి.

లెక్కింపు: వ్యవసాయ, ఉద్యాన, రెవెన్యూ సిబ్బంది కలిసి పొలం చూసి నష్టం నమోదు చేస్తారు. పంట ముందుగా ఈ-క్రాప్ అనే ప్రభుత్వ పంట నమోదు వ్యవస్థలో నమోదై ఉండాలి. ముసాయిదా జాబితాను గ్రామంలో ప్రదర్శించి అభ్యంతరాలు తీసుకుంటారు. దీనిని సామాజిక తనిఖీ అంటారు. తుది జాబితా ప్రకారం డబ్బు బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది (చూ. ఈ-క్రాప్, పంటల బీమా).

అసంతృప్తి రకాలు

హెచ్చరికపై: సూచన రాలేదని, వచ్చినా ఎటు వెళ్ళాలో చెప్పలేదని వచ్చే ఫిర్యాదులు. 1977లో ఇవే ప్రధానం. నేడు తగ్గాయి.

తక్షణ సాయంపై: తాగునీరు, పాలు, బియ్యం, విద్యుత్తు ఆలస్యమవడం. హుద్‌హుద్, తిత్లీ సమయాలలో పట్టణంలోనూ పల్లెలోనూ ఇది కనిపించింది. పునరావాస కేంద్రానికి వెళ్ళినవారికే నగదు, బియ్యం ఇవ్వడం మరో వివాదం. మొంథా సమయంలో కేంద్రాలకు వచ్చిన కుటుంబాలకు 3,000 రూపాయల వరకు నగదు, 25 కిలోల బియ్యం ప్రకటించారు. ఇల్లు విడవనివారు, బంధువుల ఇళ్ళకు వెళ్ళినవారు ఈ లెక్కలోకి రారు.

లెక్కింపుపై: నీరు తగ్గకముందే వచ్చి చూడటం, ఆలస్యంగా రావడం, రోడ్డు పక్క చేలే చూసి వెళ్ళడం, అధికార పక్షం వారి పేర్లే రాశారన్న అనుమానం. ఆలస్యమైతే రైతు చేను దున్ని మళ్ళీ విత్తుకుంటాడు. అప్పుడు చూపించడానికి దెబ్బతిన్న పంట మిగలదు.

అర్హతపై: కౌలు రైతుల సమస్య ఇందులో మొదటిది. 2011, 2019 చట్టాలు కౌలుదారులకు గుర్తింపు పత్రాలు కల్పించినా, 2019 చట్టం కింద భూయజమాని సమ్మతి కావలసి రావడంతో చాలామందికి పత్రాలు లేవు. పెట్టుబడి కౌలుదారుది, పరిహారం పట్టాదారుది అయ్యే సందర్భాలు ఏర్పడుతున్నాయి.

మొత్తంపై: పెట్టిన ఖర్చుకు, వచ్చిన రాయితీకి పొంతన లేదన్న వాదం.

పర్యటనలపై: ముఖ్యమంత్రి, మంత్రులు హెలికాప్టరులో చూసి వెళ్ళడం, నేల మీద దిగి మాట్లాడకపోవడం. ఇందుకు విరుద్ధంగా పెద్దల పర్యటన సిబ్బందిని అసలు పని నుంచి మళ్ళిస్తుందన్న విమర్శా ఉంది.

పశ్చిమ ప్రకాశంలో ప్రత్యేకతలు

హనుమంతునిపాడు, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో తుపాను నష్టం గుర్తింపుకు ఐదు అడ్డంకులు ఉన్నాయి.

మొదటిది దూరం. తుపాను వార్తలు, అధికారుల పర్యటనలు, తక్షణ సాయం సహజంగా తీరప్రాంతం మీద కేంద్రీకృతమవుతాయి. లోపలి మండలాలలో వాగు దాటలేక ఊరు తెగిపోయినా, చేలో నీరు నిలిచినా అది వర్షపాతం లెక్కగా మాత్రమే నమోదవుతుంది.

రెండోది రేటు. వర్షాధార పంటకు రాయితీ నీటి వసతి ఉన్న పంటకు సగం. మెట్ట ప్రాంతం కాబట్టి ఇక్కడి సాగులో పెద్ద భాగం తక్కువ రేటు కిందికే వస్తుంది.

మూడోది కాలం. నవంబరు, డిసెంబరులలో శనగ మొలక దశలోనో, చిన్న మొక్కగానో ఉంటుంది. నల్లరేగడిలో రెండు రోజులు నీరు నిలిస్తే మొక్క కుళ్ళుతుంది. అప్పటి నష్టం విత్తనం, దుక్కి, కూలి ఖర్చు. కంటికి కనిపించే పంట తక్కువ. నివర్, మిచాంగ్ సందర్భాలలో ప్రభుత్వం 80 శాతం రాయితీపై విత్తనాలు ప్రకటించింది. విత్తనం ధర తగ్గినా రెండోసారి దుక్కి, కూలి భారం రైతుదే. అదను దాటితే రాయితీ విత్తనమూ పనికిరాదు.

నాలుగోది పంట. కనిగిరి ప్రాంతంలో పొగాకు ముఖ్యమైన వాణిజ్య పంట. పట్టణంలో పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉంది. పొగాకు రైతు బోర్డు అనుమతితో, బ్యాంకు రుణంతో సాగు చేస్తాడు. మిచాంగ్ తర్వాత బోర్డు సభ్యులైన రైతులకు 10,000 రూపాయల వడ్డీ లేని రుణానికి కేంద్రం అనుమతించింది. అది తిరిగి చెల్లించవలసిన సాయం. అనుమతికి మించి వేసినవారికి, అనధికారికంగా కౌలుకు తీసుకున్నవారికి అది కూడా దక్కదు.

ఐదోది కరవుతో పోటీ. ఒకే ఏడాది జూన్ నుంచి వాన లేక ఖరీఫ్ పోవచ్చు, డిసెంబరులో వాన ఎక్కువై రబీ పోవచ్చు. కరవు మండలాల ప్రకటనకు ఒక కొలమానం, తుపాను నష్టానికి మరొకటి. వర్షపాతం సగటులో చూస్తే రెండూ కలిసి సాధారణ సంవత్సరంగా కనిపించే ప్రమాదం ఉంది. పంట దృష్ట్యా అది రెండుసార్లు పోయిన సంవత్సరం.

గుండ్లకమ్మ జలాశయం ఉదంతం నిర్వహణ లోపంపై అసంతృప్తికి ఉదాహరణ. మద్దిపాడు మండలం మల్లవరం వద్ద ఉన్న ఈ జలాశయం సామర్థ్యం 3.859 టీఎంసీలు, ఆయకట్టు సుమారు 80,000 ఎకరాలు. తుపాను తెచ్చిన వరద గేటు పోవడంతో నిలవలేదు. మరమ్మతులు సకాలంలో జరగలేదన్న విమర్శ 2024 ఎన్నికల ముందు జిల్లా రాజకీయాలలో బలంగా వినిపించింది.

నిరసన రూపాలు

తొలి రూపం ఊళ్ళోకి వచ్చిన అధికారిని, ప్రజాప్రతినిధిని నిలదీయడం. తర్వాత ఖాళీ బిందెలతో రాస్తారోకో, సబ్‌స్టేషన్ వద్ద బైఠాయింపు, తహసీల్దారు కార్యాలయం ముందు ధర్నా. మొలకెత్తిన ధాన్యం, కుళ్ళిన పంట తెచ్చి అధికారుల ముందు పెట్టడం రైతు సంఘాలు తరచు వాడే పద్ధతి. ప్రతి సోమవారం అధికారులు నిర్వహించే అర్జీల కార్యక్రమంలో వ్యక్తిగత వినతులు ఇస్తారు. రాజకీయ పక్షాలు పరామర్శ యాత్రలు, దీక్షలు, శాసనసభలో వాయిదా తీర్మానాలు చేపడతాయి.

ఇందులో పక్షాల స్థానాలు తారుమారవడం గమనించదగ్గది. 2020లో బీమా ప్రీమియం చెల్లించలేదని తెలుగుదేశం పార్టీ నాటి వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వాన్ని నిలదీసింది. 2025లో మొంథా తర్వాత ఉచిత పంటల బీమాను తీసివేశారని వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ తెలుగుదేశం నాయకత్వంలోని ప్రభుత్వాన్ని నిలదీసింది.

ప్రభుత్వాల వాదన

ప్రభుత్వాలు సాధారణంగా నాలుగు సమాధానాలు ఇస్తాయి. ప్రాణనష్టాన్ని పదుల సంఖ్యకు, కొన్నిసార్లు ఒక అంకెకు తగ్గించగలిగామన్నది మొదటిది. 1977, 1990, 1996 లెక్కలతో పోలిస్తే ఇది గణాంకాలు నిలబెట్టే వాదనే. నీరు తగ్గేదాకా, పంట కోలుకుంటుందో లేదో తేలేదాకా నష్టం లెక్కించలేమన్నది రెండోది. నిబంధనలు కేంద్రానివని, వాటికి మించి రాష్ట్ర ఖజానా మోయలేదన్నది మూడోది. త్వరపడితే అనర్హులు చేరతారని, తనిఖీ తప్పదన్నది నాలుగోది. త్వరగా చెల్లించడం, తప్పు లేకుండా చెల్లించడం అనే రెండు లక్ష్యాలు పరస్పరం పోటీపడతాయని విపత్తు నిర్వహణ నిపుణులూ అంగీకరిస్తారు.

సంస్కరణలు

దివిసీమ తర్వాత తీరం పొడవునా తుపాను ఆశ్రయ భవనాలు నిర్మించారు. 1990 తర్వాత ముందస్తు తరలింపు స్థిరమైన విధానమైంది. 2005 చట్టం కింద రాష్ట్ర, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థలు ఏర్పడ్డాయి. హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో విపత్తు పునరుద్ధరణ పథకం నడిచింది. విశాఖలో విద్యుత్తు తీగలను భూగర్భంలో వేయడం అందులో భాగం. 2019లో గ్రామ సచివాలయాలు రావడంతో లెక్కింపు సిబ్బంది ఊరికి దగ్గరయ్యారు. పెట్టుబడి రాయితీకి కావలసిన కనీస పంట నష్టం పరిమితి 2015లో 50 శాతం నుంచి 33 శాతానికి తగ్గింది. ఉచిత పంటల బీమా స్థానంలో 2024–25 రబీ నుంచి రైతు వాటా చెల్లించే పద్ధతి తిరిగి వచ్చింది. ఆహార ధాన్యాలకు రైతు వాటా ఖరీఫ్‌లో 2 శాతం, రబీలో 1.5 శాతం, వాణిజ్య పంటలకు 5 శాతం.

ఇతర ప్రాంతాలతో పోలిక

1970 నవంబరులో తూర్పు పాకిస్తాన్‌లో భోలా తుపాను మూడు నుంచి ఐదు లక్షల మందిని బలిగొంది. పాకిస్తాన్ ప్రభుత్వ ఉదాసీనతపై ఆగ్రహం మరుసటి నెల ఎన్నికలలో అవామీ లీగ్ విజయానికి తోడ్పడింది. 1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన సూపర్ సైక్లోన్‌లో సుమారు 10,000 మంది మరణించారు. ముఖ్యమంత్రి గిరిధర్ గమాంగ్ ఆ ఏడాది డిసెంబరులో పదవి వీడారు. ఒడిశా విపత్తు నిర్వహణ సంస్థను ఏర్పరచుకుని 2013లో ఫైలిన్ వేళ సుమారు పది లక్షల మందిని తరలించగలిగింది. అమెరికాలో 2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ న్యూ ఆర్లియన్స్‌ను ముంచాక సమాఖ్య అత్యవసర సంస్థ అధిపతి మైకేల్ బ్రౌన్ సెప్టెంబరు 12న రాజీనామా చేశారు. 2017లో ప్యూర్టోరికోను తాకిన మరియా హరికేన్‌లో మృతులు 64 మందేనని తొలుత ప్రకటించి, మరుసటి ఏడాది అధ్యయనం తర్వాత ఆ సంఖ్యను 2,975గా అంగీకరించారు. మృతుల లెక్కే వివాదమవడం దివిసీమకు పరిమితం కాదని ఇది చూపుతుంది.

ప్రాముఖ్యం

ఆంధ్రప్రదేశ్‌లో తుపాను అసంతృప్తి హెచ్చరిక, తరలింపు రంగాలలో సంస్కరణలకు దారితీసింది. ఫలితం మరణాల లెక్కలో కనిపిస్తుంది. నష్టం గుర్తింపు, కౌలుదారుల హక్కు, మెట్ట పంటల రేటు, పంట తొలి దశ నష్టం విషయాలలో అంత మార్పు రాలేదు. తీర మండలాలలో తుపాను ఆశ్రయ భవనం ప్రభుత్వ స్పందనకు గుర్తు. హనుమంతునిపాడు వంటి మండలాలలో ఆ స్థానం గ్రామ సచివాలయం గోడకు అంటించే లబ్ధిదారుల జాబితాది. ముసాయిదా జాబితాలో పేరు లేని రైతు సామాజిక తనిఖీ గడువు ముగిసేలోపు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవలసి ఉంటుంది.